మెల్సియోర్ చెప్పని దారి

బెర్గా ఊరి పై అంచున ఆరు గదుల బస నడిపే మెల్సియోర్, వచ్చినవాళ్లు ఏది అడిగినా దాచుకోకుండా చెబుతాడు. కొండమీది గుడికి ఏ వేళ వెళితే ఎండ ముఖాన కొట్టదో, ఏ బేకరీలో రొట్టె పొద్దున్న ఎనిమిదికే అయిపోతుందో, అన్నీ. ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ పుట్టగొడుగుల చోటు. వాన పడిన రెండు వారాలకు ఒక పైన్ తోపులో నారింజరంగు రొవెల్యోలు గుంపులుగా లేస్తాయి. తండ్రి ఆసుపత్రిలో, ఇంకో వారంలో పోతాడనగా, కోడలిని బయటికి పంపించి మరీ మెల్సియోర్ చెవిలో ఆ చోటు చెప్పాడు. ముప్పయ్యేళ్లయింది. ఆ కోడలికి, అంటే మెల్సియోర్ భార్య రెమెయికి, ఇప్పటికీ తెలియదు. మెల్సియోర్ వ్యానుని మూడు మలుపుల అవతల ఆపి వెనక్కి నడుస్తాడు. తిరిగొచ్చేటప్పుడు బుట్టమీద ఆకులు కప్పుతాడు. అక్టోబరు ఆదివారాల్లో బసలో వండే ఆ పుట్టగొడుగుల కూర కోసమే బార్సిలోనా నుంచి జనం వస్తారు. చోటు పోతే బస మిగులుతుంది, బస పేరు మిగలదు.

అలాంటి అక్టోబరులో ఒక గురువారం సరిహద్దు అవతల పెర్పిన్యా నుంచి గల్ద్రిక్ అనే ఆయన దిగాడు. బస్సు నడిపి రిటైరైనవాడు. రాత్రి భోజనం దగ్గర వైన్ కూజా పైకెత్తి, చుక్క జారకుండా నోట్లో పోసుకుని కబుర్లు మొదలుపెట్టాడు.

"దేశమేదైనా మన భాష వినబడే ఊళ్లన్నీ తిరగాలని పెట్టుకున్నానండీ. వలెన్సియా అయింది, పాల్మా అయింది. అల్గేరోలో చేపలమ్మే ముసలాయన అచ్చం మా అమ్మమ్మ మాటల్లోనే బేరమాడాడు. కళ్లల్లో నీళ్లొచ్చాయనుకోండి. మరి ఇక్కడేం చూడమంటారు?"

"గుడి చూడండి."

"చూస్తాను, చూస్తాను. పదిహేను రోజుల కింద వాన బాగా పడిందటగా మీకు?"

మెల్సియోర్ చేతిలో గరిటె ఆగింది. ఊళ్లు చూసేవాడికి పోయిన వానతో పనేమిటి? మర్నాడు సామాను దించే నెపంతో ఆయన కారు డిక్కీలోకి తొంగిచూశాడు. పాత వార్తాపత్రికల కింద వెదురుబుట్ట. అందులో పుట్టగొడుగులు కోసే వంకీ కత్తి, దాని పిడికి మట్టి దులిపే చిన్న బ్రష్షు.

"పాపం, పెద్దాయన. నీకు అందరూ దొంగల్లాగే కనబడతారేం?" అంది రెమెయి.

"అందరూ కాదు. బుట్ట ఉన్నవాళ్లు."

శనివారం పొద్దున, టమాటా రుద్దిన రొట్టె నములుతూ గల్ద్రిక్ అడగనే అడిగాడు.

"రొవెల్యోలు ఎటువైపుంటాయండీ?"

మెల్సియోర్ గొంతు తగ్గించాడు. దగ్గరగా వంగాడు. "మీరు కాబట్టి చెబుతున్నా. వంతెన దాటి కుడివైపు ఎక్కండి. పాడుబడ్డ గొర్రెల దొడ్డి వస్తుంది. దాని వెనక. ఎవరితోనూ అనకండి."

గల్ద్రిక్ ఆయన కళ్లలోకి సూటిగా, కాస్త ఎక్కువసేపే చూశాడు. "మీ మేలు మరచిపోను."

మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. బుట్టమీద ఆకులు. ఆకులు తీస్తే అంచుదాకా రొవెల్యోలు, కోసినచోట ఎర్రగా పాలు కారుతూ.

"గొర్రెల దొడ్డి దగ్గరేనా?" అన్నాడు మెల్సియోర్.

"అటెందుకు వెళతానండీ! మా తాత బతికినన్నాళ్లూ ఊరందరికీ ఎదురుదిక్కే చెప్పేవాడు. మీరు కుడి అన్నారు కదా, ఎడమకి ఎక్కాను. తిన్నగా పాత సున్నపు బట్టీ దగ్గర తేలాను. ఎంత చోటండీ! నిజం చెప్పొద్దూ, మీరు ఊరికే గుడి చూడమని వదిలేసుంటే నాకు తట్టేదే కాదు."

గుమ్మంలో రెమెయి మొగుడి ముఖం చూసి, నవ్వాపుకోలేక తలుపు పట్టుకుంది. "సున్నపు బట్టీయా! ముప్పయ్యేళ్లుగా నేను నదికి ఇవతలే అనుకుంటున్నాను."

పుట్టగొడుగుల విషయంలో తన భాషవాళ్ల దగ్గర తన అబద్ధం సాగదని మెల్సియోర్‌కి అప్పటిదాకా తట్టలేదు. దూరం నుంచి వచ్చినవాళ్లు నమ్మేవారు. ఈయన నమ్మకుండా పెరిగినవాడు.

గల్ద్రిక్ సగం బుట్ట వంటింటికి ఇచ్చి ఆదివారం వెళ్లిపోయాడు. సోమవారం, ఇదే భాష మాట్లాడే మానాకోర్ ఊరి నుంచి భార్యాభర్తలు దిగారు. మంగళవారం పొద్దున భర్త కాఫీ తాగుతూ, ఏదో ఊసుపోకకన్నట్టు, అదే ప్రశ్న అడిగాడు. ఆయన కుర్చీ కింద బుట్ట ఉంది.

మెల్సియోర్ ఒక్క క్షణం రెమెయి వైపు చూశాడు. "వంతెన దాటి ఎడమవైపు. సున్నపు బట్టీ వెనక."

"నిజంగానా?"

"ఒట్టు."

ఆయన భార్యకి కన్నుగీటి లేచాడు. మెల్సియోర్ మేడమీద కిటికీ దగ్గర నిలబడ్డాడు. కారు వంతెన దాటింది, ఆగింది. చాలాసేపు కదల్లేదు. తర్వాత కుడివైపు తిరిగి, గొర్రెల దొడ్డి దారి పట్టింది.

"చాలు, ఇక కిందికి రా, అటే పోయారుగా," అంది రెమెయి.

"పోయారులే. మరి అంతసేపు ఎందుకాగినట్టు?" అన్నాడు మెల్సియోర్, వ్యాను తాళాలు వెతుక్కుంటూ.