పిల్లలే చేసిన కెరియా

మలేసియాలోని పరిత్ బుంటార్ ఊళ్లో, ఆ హైస్కూల్లో కాంటీన్ దినం దగ్గరపడుతోందంటే చాలు, వంట పాఠాలు చెప్పే హబ్సా టీచర్‌కి ఒళ్లు మండిపోయేది. ఆ రోజు కాంటీన్‌కి తాళం వేస్తారు. తరగతికో గుడారం చొప్పున మైదానంలో వేసుకుని పిల్లలే తిండి అమ్మాలి. వచ్చిన డబ్బు స్కూలుకి. ఈసారి హాల్లో పంకాల కోసమన్నారు.

పిల్లలే అమ్మాలనేది పేరుకే. తెల్లారేసరికి తల్లుల కార్లు గేటు ముందు బారులు తీరేవి. డిక్కీల్లోంచి కొబ్బరిపాల అన్నం నాసి లెమాక్ పొట్లాలు, వేయించిన సేమ్యా గిన్నెలు, కోడికూర డేగిసాలు దిగేవి. పిల్లలు మాత్రం బెలూన్లు ఊది, కాగితం టోపీలు పెట్టుకుని ఫొటోలు దిగేవారు.

"సొమ్మొకడిది, సోకొకడిది," అనేది హబ్సా టీచర్, స్టాఫ్ రూమంతా వినిపించేలా. "అమ్మలు పొయ్యి దగ్గర మాడిపోతారు. వీళ్లేమో బల్ల వెనక దొరబిడ్డల్లా కూర్చుంటారు. మళ్లీ దీనికో బహుమతి కూడాను!"

పైగా అది నష్టమన్న మాటే లేని వ్యాపారం. కూపన్లు ముందే తల్లిదండ్రులకు అంటగట్టేస్తారు. కొన్న కూపన్‌కి డబ్బు వాపసు లేదు. మంచి తిండంతా తొలి గంటలోనే అయిపోతుంది. ఆ తర్వాత చేతిలో కూపన్లు మిగిలినవాళ్లు కనిపించిందల్లా కొనుక్కుపోవాల్సిందే. పచ్చిపిండి ముద్ద పెట్టినా మధ్యాహ్నానికి చెల్లిపోతుందని ఆవిడ ఏటా ఎద్దేవా చేసేది.

వంట విషయంలో ఆవిడ ముందు ఎవరి మాటా సాగదు. పెళ్లి భోజనంలో ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పెదవి విరిచిందంటే వండినవాళ్లకి ఆ ఏడాదంతా నిద్ర ఉండదు. ఆవిడ కూతురు మాత్రం కోడిగుడ్డు వేపుకోవడం కూడా అత్తగారింటికి వెళ్లాకే నేర్చుకుంది. ఇంత పెద్ద వంట టీచర్ కూతురికి ఆ ఖర్మ ఎందుకు పట్టిందని ఊళ్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఈ ఏడాదితో ఆవిడ ఉద్యోగం ముగుస్తుంది. పోయేలోపు ఊరికి బుద్ధి చెప్పాలనుకుంది. తన క్లాసైన నాలుగో ఫారం పిల్లల్ని నిలబెట్టి చెప్పింది.

"ఈసారి మన గుడారంలో ఏ తల్లి చెయ్యీ పడకూడదు. కెరియా చేస్తున్నాం. దుంపలు ఉడకేయడం దగ్గర్నుంచి పాకం దాకా అన్నీ మీరే, జనం కళ్లముందే. నేను చేతులు కట్టుకుని నిలబడతా. వేలు కూడా కదపను."

కెరియా అంటే చిలగడదుంప గారె. నూనెలో వేయించి, ముదురుపాకంలో తెల్లగా పూత పట్టేదాకా దొర్లించాలి. పిండి తక్కువైతే విరిగిపోతుంది, ఎక్కువైతే రాయవుతుంది. ఆ ప్రతిజ్ఞ సంగతి ఆవిడే ఊరంతా చాటింది. తల్లిదండ్రుల సంఘం పెద్ద సల్వానీ నవ్వింది.

"మా ఆయనకి ఈ మధ్యే పళ్లు కట్టించాం టీచర్. మీ గుడారం వైపు రానివ్వనులెండి."

"రానివ్వకండి. మీ డిక్కీలో పొట్లాలున్నాయిగా, అవే తినిపించండి."

అంత మాట అన్నాక ఇక వెనక్కి తగ్గడం ఎలా? ఇన్నేళ్ల పరువూ ఆ నూనె మూకుట్లోకి వచ్చి చేరింది.

ఆ రోజు రానే వచ్చింది. గుడారం పెద్ద అకీల్. వాడి పనల్లా మైకు పట్టుకుని అరవడం. మూకుడు దగ్గర నిలబడింది మాత్రం హుస్నా, పిలిస్తే తప్ప పలకని పిల్ల. మొదటి వాయి నూనెలోనే విడిపోయింది. రెండోది ఇటుకల్లా గట్టిపడింది. మూడోదీ అంతే.

"స్టవ్వు బాలేదు టీచర్," అన్నాడు అకీల్.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట! నువ్వు మైకు చూసుకో నాయనా."

హుస్నా కొత్తగా పిండి కలిపి, చిన్న ముక్క నూనెలో వేసి చూసుకుని, మళ్లీ గారెలు వత్తి మూకుట్లో వేసింది. అప్పుడే సల్వానీ తన బలగంతో దిగింది. పాత వాయిలోంచి ఒకటి తీసి బల్లమీద టకటకా కొట్టింది.

"ఇవి తినడానికా టీచర్, మేకులు కొట్టుకోవడానికా?"

జనం గొల్లుమన్నారు. ఆ రాళ్లు కూడా మధ్యాహ్నానికి చెల్లిపోతాయని హబ్సా టీచర్‌కి తెలియదా? ఏటా చెప్పిందే కదా! స్కూలుకి పోయేదేమీ లేదు. పిల్లలకీ పోయేదేమీ లేదు. పోయేదల్లా ఆవిడ పేరు. ఆ పేరు కోసం కట్టుకున్న చేతులు విడిపోయాయి.

"జరుగు!" అంటూ హుస్నా చేతిలోని చిల్లుల గరిటె లాక్కుంది.

"టీచర్, ఈ వాయి..."

"ముందు జరగవే తల్లీ!"

మూకుట్లో ఉన్నవాటిని తీసి, పాకంలో దొర్లించి, సల్వానీ నోటికి అందించింది. సల్వానీ కొరికింది.

"అబ్బ! ఎంతైనా టీచర్ చెయ్యి టీచర్ చెయ్యే."

ఇంకేం, జనం విరగబడ్డారు. హబ్సా టీచర్ కొంగు బిగించినట్టు తలమీది గుడ్డ వెనక్కి ముడివేసి, చెమటలు కక్కుతూ మధ్యాహ్నం దాకా వేయించింది. పక్కన అకీల్ గొంతు చించుకుంటున్నాడు. "రండి బాబూ రండి! అమ్మల సాయం లేకుండా మా సొంత చేతుల్తో చేసిన కెరియా!" మిగతా పిల్లలు ఆవిడ వీపు కనపడకుండా ఫొటోలు దిగుతున్నారు.

మొదటి బహుమతి నాలుగో ఫారానికే వచ్చింది. సొంతకాళ్లమీద నిలబడ్డ పిల్లలని హెడ్మిస్ట్రెస్ తెగ మెచ్చుకుంది. ఒళ్లంతా పిండి అంటిన హబ్సా టీచర్ దగ్గరికి సల్వానీ వచ్చి మెల్లగా అంది.

"పోనీలెండి టీచర్, మీ క్లాసుకీ ఒక అమ్మ దొరికింది."

ఆవిడ ముఖం సిగ్గుతో కందిపోయింది. జీవితంలో మొదటిసారి. గుడారం వెనక్కి వెళ్తే అక్కడ హుస్నా ఒక్కతే మూకుడు తోముతోంది. మిగతావాళ్లంతా కప్పుతో ఊరేగుతున్నారు.

"రేపట్నించి సాయంత్రాలు ఉండు. కెరియా ఎలా చెయ్యాలో నేర్పిస్తా," అంది టీచర్.

హుస్నా తలెత్తలేదు. "నాలుగో వాయి కుదిరింది టీచర్. సల్వానీ అక్క తిన్నది నేను వేసిందే."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?" అంది టీచర్.

"చెప్పబోయాను టీచర్. జరగమన్నారు."