నాయన తీయని ఫోటో

చదువుకుంటూనే మా యూనివర్సిటీలో ఫోటోలు తీసే ఉద్యోగం వెలగబెట్టాను. మెడలో వాళ్ళ కెమెరా, దాంతోపాటు రెండో అంతస్తు ల్యాబులో ఫోటోలు దిద్దే ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కి లాగిన్. నా పనిలో ముఖ్యభాగం నిద్రపోతున్నవాళ్ళ కళ్ళు తెరిపించడం. ముఖ్య అతిథి ప్రసంగం మొదలుపెట్టగానే వేదికమీది పెద్దలు వరసగా కునుకు తీస్తారు. వేరే ఫోటోలోంచి వాళ్ళ కళ్ళే తెచ్చి వాళ్ళకే అతికించేదాన్ని. బెంగళూరులో ఏ కంటి డాక్టరూ అన్ని కళ్ళు తెరిపించి ఉండడు. ఒక్కరూ థాంక్స్ చెప్పిన పాపాన పోలేదు.

మా నాయన ఇక్కడి పీణ్య ఫ్యాక్టరీల్లో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. కదిరి వైపు నుంచి పెళ్ళికి ముందే ఇక్కడికొచ్చాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనే. ఆయన నన్ను అడిగింది ఒక్కటే.

"పట్టా తీసుకునేటప్పుడు ఒక ఫోటో కావల్లమ్మా. హాల్లో తగిలించల్ల. వచ్చినోళ్ళంతా చూడల్ల."

టీవీ పైన మేకు కూడా ముందే కొట్టేశాడు. ఫోటో వచ్చేదాకా దానికి ఇంటి తాళంచెవి వేలాడింది.

కాన్వకేషన్ రోజు అందరి ఫోటోలూ తీయాల్సింది నేనే. మరి నాది ఎవరు తీయాలి? నాతో పనిచేసే అబ్బాయి జ్వరమని పడుకున్నాడు. నా వంతు దగ్గరపడేసరికి నాయన్ని కుర్చీలోంచి లాక్కొచ్చి, నా ముందమ్మాయి ఫోటో తీయగానే కెమెరా చేతిలో పెట్టాను. అన్నీ సర్దేశాను, సుమ్నే, ఊరికే ఈ బటన్ నొక్కితే చాలన్నాను.

"మిషన్లు నాకు నేర్పిస్తావా? నువ్ పోమ్మా," అన్నాడు.

పేరు పిలిచారు. వెళ్ళాను, తీసుకున్నాను, దిగొచ్చాను. కెమెరాలో చూస్తే చివరి ఫోటో నా ముందమ్మాయిది.

"నాదేది నాయనా?"

"అయ్యో, నొక్కలేదమ్మా. నువ్వు వస్తా ఉంటే చూస్తా నిలబడిపోతి."

నాకు ఒళ్ళు మండిపోయింది. చంటిపిల్లాడైనా నొక్కేవాడు కదా అని అందరి ముందూ అనేశాను. ఆయన కెమెరాని చొక్కా కొసతో తుడిచి నాకిచ్చాడు. మిగతావాళ్ళ ఫోటోలు పళ్ళు నూరుతూనే తీశాను.

చదువు అయిపోయినవాళ్ళకి సాఫ్ట్‌వేర్ ఇవ్వరు. నా లాగిన్ ఆ సాయంత్రం దాకే. సభ ముగియగానే ల్యాబుకి పరిగెత్తాను. అదే గౌను, అదే అతిథి, అదే నవ్వు. నా ముందమ్మాయి మెడమీద నా తలకాయ పెట్టాను. పని శుభ్రంగా కుదిరింది. కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి.

ఫ్రేము కట్టించి ఇంటికి తెచ్చి, "నొక్కావులే నాయనా, వెతికితే దొరికింది," అని చెప్పాను. చాలాసేపు చూశాడు.

"బాగుండాది. ఇది నువ్వు కాదు."

"నేనే! మొహం కనబడట్లేదా?"

"నువ్వు ఎడంచేత్తో కదమ్మా తీసుకుంటివి. ఆ పెద్దాయన మొగం మాడ్చుకునె. నువ్వు అది చూడకనే దిగేస్తివి. కింది మెట్టు కాడ చెప్పు జారె."

చిన్నప్పటినుంచీ నాది ఎడంచేతివాటం. ఫోటోలో పట్టా కుడిచేతిలో ఉంది. చెప్పు జారిన సంగతి ఆయన అంటే గుర్తొచ్చింది. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. దిద్దుదామంటే అప్పటికే లాగిన్ పోయింది. ఇచ్చెయ్ పారేస్తానన్నాను. ఇవ్వలేదు. తాళంచెవి తీసి ఫోటో తగిలించాడు.

ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చి ఫోటో బాగుందన్నా, "జరిగింది అట్ల కాదప్పా," అంటూ లేస్తాడు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఎడంచెయ్యి చాచి, గాల్లోంచి పట్టా అందుకుంటాడు. ఆ పెద్దాయనలా మొహం మాడ్చుకుంటాడు. గుమ్మం దగ్గరికొచ్చి చెప్పు జారినట్టు తూలుతాడు. ఒక్కసారైనా వీడియో తీద్దామని నేను ఫోన్ పట్టుకుని నిలబడతాను. ఇంతవరకూ నొక్కలేదు.