నాలుగో చక్రం దగ్గర జవాబు రాలేదు

సర్వ స్తోత్రాలు అల్లాహ్‌కే. కంటికి కనిపించేవాటినీ కనిపించనివాటినీ పుట్టించినవాడు ఆయనే. ఆయన పేరుతో మొదలుపెట్టి, విన్నది విన్నట్టు రాస్తున్నాను. ఒక్క మాట పెంచినా రేపు ఆయన ముందు నేనే జవాబు చెప్పుకోవాలి.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. పోయినవారు తీర్పు దినం దాకా లేవరని చిన్నప్పుడే మసీదులో నేర్చుకున్నాను. ఇప్పటికీ అదే నా నమ్మకం. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్ళు వెనకాడాను.

ఎనభైల మొదట్లో కాశిబుగ్గలో మా మెకానిక్ షెడ్డు ఉండేది. నాకు పని నేర్పిన ఉస్తాద్ ఖాసిం సాబ్ ఈ సంగతి జరగడానికి ముందటి చలికాలంలోనే అల్లాహ్‌ను చేరుకున్నారు. నాతో కలిపి ఐదుగురం షెడ్డు నడుపుతున్నాం.

బ్రేకు గొట్టాల్లో గాలి చేరితే పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి. ఇంకొకరు బండి కింద పడుకుని, చక్రం వెనకున్న చిన్న నిపిల్‌ను వదులు చేయాలి. అప్పుడు బ్రేక్ ఆయిల్‌తో పాటు గాలి బుడగలు బయటికి వస్తాయి.

మా చుట్టూ మగ్గాల చప్పుడు, రోడ్డు మీద లారీలు. మాట సరిగా వినపడేది కాదు. అందుకని ఉస్తాద్ ఒక పద్ధతి పెట్టారు. కిందివాడు "తొక్కు" అని అరవాలి. పైవాడు తొక్కి పట్టి, చిన్న పానాతో స్టీరింగ్ రాడ్డు మీద రెండు దెబ్బలు కొట్టాలి. ఇనుము మీది దెబ్బ కిందివాడికి స్పష్టంగా తెలుస్తుంది. ఈ పద్ధతి మా షెడ్డులో తప్ప నేను ఇంకెక్కడా చూడలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, మేము జుమా నమాజుకు బయలుదేరుతుండగా, టాక్సీ డ్రైవర్ సమ్మయ్య తన అంబాసిడర్‌ను హ్యాండ్ బ్రేకు మీద మెల్లగా తీసుకొచ్చాడు. పాలంపేటలో పుట్టింట్లో ఉన్న అతని భార్యకు ముందురోజు నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందని, వెంటనే పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మని మంత్రసాని చెప్పిందట. మిగతా టాక్సీలన్నీ పెళ్ళి కిరాయిలకు పోయాయి.

"భాయ్, జర జల్దీ చూడు. తొక్కితె కాలు కిందికి పోతాంది, బండేమో ముందుకు పోతాంది."

మా జహంగీర్ ఊరుకోడు. "బ్రేకు లేకుంటనే బస్టాండ్ కాడినుంచి వచ్చినవంటే నీకు లైసెన్స్ ఎందుకె సమ్మన్నా, తాయత్తు కట్టుకుంటె చాలు."

సమ్మయ్య నవ్వలేదు. అది చూసి జహంగీరే గొంతు తగ్గించి నాతో అన్నాడు: "నువ్వు ఉండు. ప్రాణం మీదున్నోళ్ళను ఇడిసిపెట్టి రావద్దు. నీ పేరు మీద మేం దువా చేస్తం."

వాళ్ళు నలుగురూ మసీదుకు వెళ్ళారు.

పగిలిన గొట్టం మార్చి, ఆయిల్ నిండా పోసి, చక్రాలు నేలకు తగలకుండా బండిని చెక్క దిమ్మెల మీద నిలిపాను. సమ్మయ్య సీట్లో కూర్చున్నాడు. వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాను. "తొక్కు" అన్నప్పుడల్లా అతను తల బయటపెట్టి "పట్టిన భాయ్" అని అరిచాడు. గాలి పోయింది, నిపిల్ బిగించాను.

గోనెసంచి మీద పాకుతూ వెనక కుడి చక్రం దగ్గరికి చేరాను. "తొక్కు" అన్నాను. ఈసారి మాట రాలేదు. స్టీరింగ్ రాడ్డు మీద రెండు దెబ్బలు వినపడ్డాయి. మా పద్ధతి చూసి నేర్చుకున్నాడేమో అనుకున్నాను. ఆయిల్ ధారగా వచ్చింది.

ముందు ఎడమ చక్రం దగ్గరా అంతే. నా చెయ్యి టైరు మీద ఉంది. రెండు దెబ్బలు పడ్డాయి, చక్రం నా అరచేతి కిందే బిగుసుకుంది.

చివరిది ముందు కుడి చక్రం. సీటుకు అన్నిటికంటే దగ్గరిది. "తొక్కు" అన్నాను. జవాబు లేదు. మళ్ళీ అన్నాను. లేదు.

"సమ్మన్నా, తొక్కుమంటె ఇనవడ్తలేదా?"

అతను తొక్కాడో లేదో చూద్దామని చక్రాన్ని చేత్తో తిప్పాను. తిరిగింది. తిరుగుతుంటే లోపల ఇసుక నలిగినట్టు గరగరమంది. పైనా కిందా పట్టి ఊపితే చక్రం మొత్తం కదిలింది. బేరింగు పోయింది.

ఆ మాట చెబుదామని బయటికి వచ్చాను. సీట్లో ఎవరూ లేరు. చిన్న పానా గోడకు దాని మేకుకే వేలాడుతోంది.

సమ్మయ్య రోడ్డు దాటి వస్తున్నాడు. "మొదటి చక్రం అయినంక మా అత్తగారి ఊరాయన పిలిస్తె పోయిన గద భాయ్. చెప్పే పోయిన, నీకు ఇనవడలేదా? ఆమె ఇంకా సోయిల ఉన్నదట, మాట్లాడుతాందట."

బేరింగు సంగతి ఒక్కటే చెప్పాను. అతని భయం అతనికి చాలు.

హబ్బు విప్పితే బేరింగు గుండ్లు పగిలి పొడి అయ్యాయి. దారిలో వచ్చిన మోత టైరుది అనుకున్నానని సమ్మయ్య అన్నాడు. అలాగే పంపి ఉంటే ములుగు దారిలోనే చక్రం ఊడేది, పోయేటప్పుడో, ఆమెను తెచ్చేటప్పుడో. నమాజు నుంచి వచ్చిన జహంగీర్, షెడ్డులో ఉన్న ఇంకో అంబాసిడర్ బేరింగు విప్పి ఇచ్చాడు. అది బిగించాక, మిగిలిన ఆ ఒక్క చక్రానికి సమ్మయ్య తొక్కాడు. నాకు మనసొప్పక ఎవరు తొక్కారో తెలియని ఆ రెండు చక్రాలూ మళ్ళీ చూశాను. ఒక్క బుడగ రాలేదు.

తల్లీ బిడ్డా బతికారు. తర్వాత సమ్మయ్య మిఠాయి తెచ్చి "ఆడపిల్ల భాయ్, అంతా నీ చేతి పనే" అన్నాడు. నా ఒక్కడి పని కాదన్నాను. తననే అంటున్నాననుకుని జహంగీర్ మీసం దువ్వుకున్నాడు.

మా ఇమాం సాబ్‌కు మాత్రం అంతా చెప్పాను. "పంపినోడు ఎవరో తెలుసు గద బేటా. ఎవరిని పంపిండో నీకెందుకు?" అన్నారు.

నా విశ్వాసానికి ఆ మాట సరిపోయింది. నా చెవులకు మాత్రం సరిపోలేదు. ఆ రెండు దెబ్బల పద్ధతి తెలిసినవాళ్ళలో నలుగురు అప్పుడు మసీదులో ఉన్నారు. నేను బండి కింద ఉన్నాను. ఇంకొకరు ఖబరస్తాన్‌లో ఉన్నారు. ఆయనే వచ్చారని నేను అనను, అనకూడదు. మరి ఎవరో నాకు తెలియదు.

కానీ ఆ దెబ్బల కంటే, చివర్లో అవి రాకపోవడమే నన్ను ఇప్పటికీ నిద్రలోంచి లేపుతుంది. అక్కడ కూడా జవాబు వచ్చి ఉంటే నేను చక్రం తిప్పి చూడకుండానే నిపిల్ బిగించి బండి పంపేసేవాణ్ణి.

యా అల్లాహ్, మా ఖాసిం సాబ్ సమాధిని వెలుగుతో నింపు. ఆ తల్లినీ బిడ్డనూ చల్లగా చూడు. ఈ పూట దారిలో ఉన్న ప్రతి బండినీ ఇల్లు చేర్చు. చదువుతున్న మీరు కూడా నాతో పాటు ఆమీన్ అనండి.