లోబ్ గారి మడత కుర్చీ

మిషిగన్‌లో జర్మన్ రైతులు కట్టుకున్న చిన్న ఊరు అది. అక్కడున్న ఒకే ఒక్క బ్యాంకు ఎర్విన్ లోబ్ గారిది. దాన్ని పెట్టింది జర్మనీ నుంచి వచ్చిన యూదుడైన ఆయన తాత. డెబ్బై ఆరేళ్లు వచ్చినా, పొద్దున్నే బ్యాంకు తాళం లోబ్ గారే తీస్తారు.

ఎవరైనా అప్పు అడిగితే ఆయన ఓ మడత కుర్చీ చంకన పెట్టుకుని వాళ్ల దగ్గరికి వెళ్తారు. ఒక పూటంతా మూలన కూర్చుని పని చూస్తారు. కాగితాలు ఆ తర్వాతే. పాల డెయిరీ, ఇనుప సామాన్ల కొట్టు, మూతపడబోయి నిలిచిన బల్లల ఫ్యాక్టరీ, అన్నీ ఆ కుర్చీ పడ్డ చోట్లే. లైబ్రరీ కప్పు కారినప్పుడు మాత్రం కుర్చీ తేలేదు. చెక్కు ఇచ్చి వెళ్లిపోయారట.

కిందటి మార్చిలో ఆ కుర్చీ ఊళ్లోని తెలుగువాళ్ల చర్చి వంటగదికి వచ్చింది. నరసాపురం నుంచి కూతురు పర్సిస్ దగ్గరికి వచ్చిన జ్ఞానమ్మ అక్కడ విందులకి వండుతుంది. ఊళ్లో మూతపడ్డ బేకరీలో సొంతంగా హోటల్ పెట్టాలని ఆమె కోరిక. నెలాఖరులోగా డబ్బు కట్టకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. రెండు పెద్ద బ్యాంకులు అప్పటికే కాదన్నాయి.

పదకొండింటికి జ్ఞానమ్మ రొయ్యల వేపుడు పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"తినండి సార్. మీ కోసమే చేశాను."

లోబ్ గారు చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. "వాసన బాగుంది. కానీ నేను యూదుణ్ణి, రొయ్యలు తినను," అన్నారు ఇంగ్లిష్‌లో.

పర్సిస్ మొహం మాడింది. "మమ్మీ, ఆయన జ్యూయిష్. ష్రింప్ తినరంట. నేనైనా ముందు చెక్ చేయాల్సింది."

జ్ఞానమ్మ రోజూ బైబిల్ చదివే మనిషి. నీళ్లలో బతికేవాటిలో రెక్కలూ పొలుసులూ లేనివి తినకూడదన్న లేవీయకాండం మాట ఆమెకి కంఠతా వచ్చు. ఆ మాట ఇంకా పాటించే మనిషి తన వంటగదిలో కుర్చీ వేసుకు కూర్చుంటాడని మాత్రం ఏనాడూ తట్టలేదు.

"చదివి చదివి కూడా వండాను చూడవే," అంది నెమ్మదిగా.

"లోన్ పోయినట్టే."

జ్ఞానమ్మ పళ్లెం తీసేసి, చేతులు కడుక్కుని, ఆయనకో కమలాపండు ఇచ్చింది. తర్వాత అల్మారాలోంచి నూనె మరకల నోట్‌బుక్ తీసి ఒక లైను రాసింది.

"ఏం రాస్తున్నారు?" అన్నారు లోబ్ గారు.

పర్సిస్ చదివి ఇంగ్లిష్‌లో చెప్పింది. "ఎవరెవరు ఏం తినరో. త్రివేణి ఆంటీకి ఉల్లి పడదు. లక్ష్మీపతి అంకుల్‌కి షుగర్. నైనికకి పల్లీ అలర్జీ. ఆరేళ్ల నుంచి రాస్తోంది. చివర్లో మీరు."

"ఎందుకు?"

"ఒకసారి చెప్పినోళ్లు మళ్లీ చెప్పుకోకూడదు కదండీ," అంది జ్ఞానమ్మ. పర్సిస్ ఆ మాటా చెప్పింది.

ఆయన తెలుగు చదవలేకపోయినా పేజీలన్నీ తిప్పి చూశారు. "ఇది అప్లికేషన్‌లో లేదే. ఆ రెండు బ్యాంకులకీ చూపించారా?"

"వాళ్లు వంటగదికి రాలేదు," అంది పర్సిస్.

లోబ్ గారు కమలాపండు ఒలుచుకుని, తొనలన్నీ నిదానంగా తిన్నారు. లేచి కుర్చీ మడిచారు.

"గురువారం సంతకాలకి రండి."

పర్సిస్ చెప్పగానే జ్ఞానమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "చేప తింటారేమో అడగవే. పొలుసులు చూపించి మరీ వండుతాను. రొయ్యలు తగలని కొత్త మూకుడు కొని."

పర్సిస్ అదీ చెప్పింది. "తింటాను," అన్నారు లోబ్ గారు తలుపు దగ్గర ఆగి. "మూకుడు మాత్రం మీ డబ్బుతో కొనండి. అదీ అప్లికేషన్‌లో లేదు."