గడప దాటకుండా అద్దెకు తీసుకున్న ఇల్లు

అద్దె ఎంత ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు, గవర్నమెంటా అని మొన్న ఫోన్లో అడిగావు కదా నిఖిల్, పెర్త్‌లో గదుల అద్దెలు చూసి బెంబేలెత్తిపోయి. మీ దగ్గర సంగతి నాకు తెలియదు. ఇక్కడ సింగపూర్‌లో అయితే ఇద్దరు మనుషులే నిర్ణయిస్తారు నాన్నా, ఇల్లున్నవాళ్ళు, ఇల్లు కావలసినవాళ్ళు. వాళ్ళ మధ్య నాలాంటి ఏజెంటు ఒకరు తిరుగుతూ ఉంటారు. అమ్మమ్మ ఏం ఉద్యోగం చేసేదో నీకూ చెల్లికీ సరిగ్గా తెలియదు కాబట్టి ఒక్క ఇంటి సంగతి చెబుతాను.

2022 జూలైలో బెడోక్‌లో ఒక ఫ్లాటు అద్దెకిచ్చే పని నాకు వచ్చింది. రిటైర్మెంటుకు దగ్గర పడిన రోజులవి. ఇంటి యజమాని మేడం గోహ్, చైనీస్ ఆవిడ, నా వయసుదే. భర్త పోయాక టాంపినీస్‌లో చెల్లెలి దగ్గరికి మారిపోయింది. నేను ఆవిడ తరఫు ఏజెంటును. ఒకవైపు పని చేసే ఏజెంటు అదే ఇంటికి రెండో వైపు పని చేయకూడదు. వచ్చిన ప్రతి బేరాన్నీ తనకు నచ్చినా నచ్చకపోయినా యజమాని చెవిన వేయాలి. ఈ రెండూ తప్పితే లైసెన్సు మీదికి వస్తుంది.

ఆ ఏడాది అద్దెలు మేమెవరం చూడనంతగా పెరిగాయి. కోవిడ్ వల్ల కొత్త ఫ్లాట్ల నిర్మాణం ఆలస్యమై, వాటి కోసం ఎదురుచూసేవాళ్ళంతా అద్దె ఇళ్ళ మీద పడ్డారు. సరిహద్దులు తెరవగానే బయటివాళ్ళు కూడా వచ్చారు. పొద్దున ప్రకటన పెడితే మధ్యాహ్నానికి ఇల్లు పోయేది. కొందరు చూడకుండానే ఎక్కువిస్తామనేవారు.

అలా చూడటానికి వచ్చినవాళ్ళలో ప్రసాద్, శిరీష ఉన్నారు. రాజమండ్రి వాళ్ళు. అతనికి సైన్స్ పార్క్‌లో ఉద్యోగం, పాప బెడోక్ దగ్గర్లోని బడిలో రెండో తరగతి. వాళ్ళుంటున్న ఇంటి యజమాని అద్దె ఒక్కసారిగా పెంచేసి, ఇవ్వలేకపోతే ఆగస్టు నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. ఈ ఫ్లాటు దొరక్కపోతే శిరీష పాపను తీసుకుని రాజమండ్రి వెళ్ళిపోవాలని, ప్రసాద్ ఎక్కడో ఒక గది తీసుకుని ఉండాలని అప్పటికే అనుకున్నారు. అక్కడి బడిలో సీటు కోసం అడిగి కూడా ఉన్నారు. ఈ సంగతి నాకూ మేడం గోహ్‌కూ చెప్పేటప్పుడు శిరీష కిటికీ వైపు తిరిగి నిలబడింది.

మేడం గోహ్‌కు వాళ్ళు నచ్చారు, అద్దె కుదిరింది. చిక్కు తేదీ దగ్గర వచ్చింది. ఆవిడేమో ఈ వారంలోనే తాళాలు తీసుకోవాలి అంది. ప్రసాద్ ఏమో వచ్చే వారం తర్వాతే తీసుకుంటానన్నాడు. ఆఫీసులో ప్రాజెక్టు పని అన్నాడు. ఆవిడను అడిగితే, ఆ తర్వాత తాళాలివ్వడానికి కొడుకు ఊళ్ళో ఉండడు అంది. బేరం తగ్గించడానికే నాన్చుతున్నాడని ఆవిడకు అనుమానం. వచ్చే వారానికి అద్దె పెంచేయడానికే తొందరపెడుతోందని అతనికి అనుమానం. ఇలాంటి చోట ఇల్లు రెండు రోజుల్లో మూడోవాళ్ళ చేతికి పోతుంది.

నేను శిరీషకు ఫోన్ చేసి, ప్రాజెక్టు ఎప్పుడు అయిపోతుందమ్మా అని అడిగాను.  శిరీష అంది, "ప్రాజెక్టూ లేదు ఏమీ లేదాంటీ. మా అత్తయ్యగారు విజిట్ మీద వచ్చారు. ఆషాఢంలో కొత్తింట్లో అడుగు పెట్టకూడదంటారు. మీ మేడంకి ఇంగ్లీషులో ఇదెలా చెప్పాలో తెలీక ఈయన ఆఫీసు మీదకి తోసేశారు."

ఆ మధ్యాహ్నం టాంపినీస్ వెళ్ళాను. మేడం గోహ్ ఇంట్లో గోడకు రోజుకొక కాగితం చింపే చైనా క్యాలెండరు ఉంది. మా వాళ్ళకు ఈ నెల మంచిది కాదట, అమావాస్య దాటాక వస్తారట అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ క్యాలెండరు కాగితాలు ఎత్తి చూసి నవ్వడం మొదలుపెట్టింది.

"అమావాస్య దాటితే మాకు కుదరదు, భారతీ. ఏడో నెల వస్తుంది. పోయినవాళ్ళంతా బయట తిరిగే నెల. ఆ నెలలో ఎవరూ ఇల్లు మారరు."

కొడుకు విషయం అడిగితే, అతను కింద కాఫీ షాపులోనే ఉన్నాడంది.

సంగతి ఇదీ. చైనా నెలలూ తెలుగు నెలలూ అమావాస్యకే మారతాయి. ఆ ఏడాది మా ఆషాఢం అయిపోయిన మర్నాడే వాళ్ళ ఏడో నెల మొదలవుతుంది. వీళ్ళకు మంచి రోజులు వచ్చేసరికి ఆవిడకు చెడ్డ నెల వస్తుంది.

దారి ఆవిడే చూపించింది. తప్పనిసరైతే వాళ్ళలో నెల మారకముందే కొత్తింట్లోకి బియ్యం తెచ్చి పెడతారట. బియ్యం వస్తే మనుషులు వచ్చినట్టే లెక్కట. ప్రసాద్ తల్లికి ఈ మాట చెప్పాను. కాగితం మీద సంతకం పెట్టడానికి ఆవిడకు అభ్యంతరం లేదు, సంతకం ఇల్లు కాదు కదా అంది. బియ్యం కూడా పంపిస్తానంది. తన ఇంటి మనిషి మాత్రం గడప దాటకూడదంది.

"మీరు పట్టుకెళ్ళండి వదినగారూ. మీరెలాగూ ఆ ఇంట్లో ఉండరు కదా, మీకు ఏ దోషమూ ఉండదులెండి."

"మరి ఉంటేనో?" అన్నాను.

"ఉంటే మా ఇంటికి భోజనానికి రండి, పోతుంది."

మర్నాడు పొద్దున ఇంకో బేరం వచ్చింది. పిల్లల్లేని దంపతులు, ఇల్లు చూడకుండానే చాలా ఎక్కువ ఇస్తామన్నారు. నియమం ప్రకారం మేడం గోహ్‌కు ఫోన్ చేసి ఆ అంకె ఉన్నదున్నట్టు చెప్పాను. ప్రసాద్ వాళ్ళతో అప్పటికి కాగితం ఏదీ కాలేదు, కాదంటే అడ్డేమీ లేదు, ఆ మాట కూడా చెప్పాను.  ఇల్లు ఇచ్చేశామని వాళ్ళకు చెప్పు అంది ఆవిడ. ఫోన్ పెట్టేసింది.

అమావాస్యకు ముందు రోజు ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి, బ్లాకు కింద రాతి బల్ల దగ్గర. నేను బియ్యం డబ్బా ట్రాలీలో పెట్టుకుని లిఫ్టులో పైకి వెళ్ళి వంటింట్లో పెట్టాను. ఇల్లు అప్పగించేటప్పుడు సామాను పట్టీ చూస్తూ ఒక్కొక్క వస్తువునూ ఇద్దరూ కలిసి సరిచూసుకోవాలి. ప్రసాద్ వరండాలో చెప్పులతో నిలబడ్డాడు. నేను లోపలినుంచి ఫ్రిజ్జు ఒకటి, తలుపు మీద గీత ఉంది అంటే, అతను మెడ చాచి చూసి రాసుకున్నాడు. పడగ్గది ఏసీ బయటికి కనపడదు కాబట్టి ఫోన్లో వీడియో తీసి చూపించాను. పక్కింటి మలయ్ ఆవిడ తలుపు తీసి చూసి, ఇతనికి కాలికేమైనా దెబ్బా అని మేడం గోహ్‌ను అడిగింది. లేదు, అత్తారింటికి వచ్చిన కొత్తల్లుడిలా సిగ్గు అని మేడం గోహ్ జవాబిచ్చింది. తాళాలు గడప మీదుగా అందించింది.

శ్రావణ శుక్రవారం వాళ్ళు పాలు పొంగించుకున్నారు. కింద గడ్డి మీద చైనీస్ కుటుంబాలు పోయిన పెద్దల పేరిట కాగితాలు కాలుస్తున్నాయి. పాప బడి మారలేదు.

అద్దె బేరం ఆగిపోతే అందరూ అంకె దగ్గరే ఆగిందనుకుంటారు, రెండు పక్షాలవాళ్ళూ అలాగే అనుకుంటారు. ఆ తర్వాత పని చేసినన్నాళ్ళూ నేను ముందు తేదీ అడిగేదాన్ని. ఆ తేదీయే ఎందుకని రెండోసారి కూడా అడిగేదాన్ని, ఎందుకంటే మొదటిసారి చెప్పే కారణం ఎదుటివాళ్ళకు మర్యాదగా వినపడాలని చెప్పేది. నువ్వు గది అడిగే ఇంటి యజమాని దగ్గర కూడా అలాగే అడిగి చూడు నిఖిల్.

ఒప్పందం పునరుద్ధరణకు వచ్చినప్పుడు నేను అప్పటికే రిటైరయ్యాను, అయినా మేడం గోహ్ పిలిస్తే కాఫీ షాపుకు వెళ్ళాను. అద్దె కొద్దిగానే పెంచింది. ఆ రోజు ఫోన్లో అంత ఎక్కువ ఇస్తామన్నవాళ్ళను ఎందుకు వద్దన్నావు అని అడిగాను. ఆవిడ నా వైపు చూసి, తిన్నావా అని అడిగింది. లేదన్నాను. లేచి వెళ్ళి ఇద్దరికీ రొట్టె, గుడ్డు తెచ్చింది.