మూడో తాళం

పెద్ద అప్పును బ్యాంకులు పంచుకుంటాయని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ కమలాపురం దగ్గరి ఆ గోడౌన్ తలుపే గుర్తొస్తుంది. దానికి మూడు తాళాలుండేవి.

యాభైల్లో నేను కడపలో ఒక బ్యాంకుకు గోడౌన్ కీపరుని. కమలాపురం పక్కన ఒకాయన నూనె మిల్లు పెట్టాడు. సీజన్లో వేరుశెనగ కొనడానికి ఆయనడిగిన అప్పు ఏ ఒక్క బ్యాంకూ మోయలేనంత పెద్దది. మాదీ కలిపి మూడు బ్యాంకులు తలా కొంత ఇచ్చాయి. పెద్ద వాటా కర్నూలు బ్యాంకుది, పెత్తనమూ వాళ్ళదే. కొన్న కాయంతా తాకట్టు. ఒకరినొకరు నమ్మరు గనక తలుపుకు తలా ఒక తాళం. మూడో తాళంచెవి నా మొలతాడుకు ఉండేది. అబ్బో, అప్పుడు నా టెక్కు చూడాల్సింది!

సరుకు తీసే రోజున వెళ్తే మిల్లాయన నన్ను వాళ్ళింట్లో తినకుండా పంపేవాడు కాదు. ఆయన్ని అన్నా అని, ఆయన భార్యను వదినా అని పిలిచేవాణ్ణి.

ఆ ఏడు కాయంతా గోడౌన్‌కు చేరాక తుఫాను వచ్చింది. గాలికి పైకప్పు రేకులు లేచిపోయి బస్తాలు తడిశాయి. కబురందుకుని వెళ్ళేసరికి వాన వెలిసి ఎండ కాస్తోంది. మిగతా రెండు బ్యాంకుల మనుషులు అప్పటికే వచ్చి తమ తాళాలు తీసేశారు. నాది మిగిలింది.

మా మేనేజరుకు టెలిగ్రాం ఇచ్చాను. మా వాటాకు నష్టమొస్తే తమదే బాధ్యతని కర్నూలు బ్యాంకు రాసిస్తే తప్ప తాళం తీయొద్దని జవాబొచ్చింది.

"ఎండ బాగుండాదప్పా. తెరిస్తే ఆరబోసుకుంటాం. నీ ముందరనే ఎంచి మళ్ళా లోపల పెడతాం" అన్నాడు మిల్లాయన.

"కర్నూలు నుంచి కాగితం రావాలన్నా."

"కర్నూలు యాడుండాదప్పా! కాయ ఈడ కుళ్ళిపోతాండాది."

కూలీలు రేకులు లేచిపోయిన చోటునుంచి దిగుతామన్నారు. ఆయనే వద్దన్నాడు. బ్యాంకుల తాళముండగా లోపలికి దిగితే దొంగతనమవుతుందట. అంత నిజాయితీపరుడి ముందు తాళంచెవి కట్టుకుని కూర్చున్నాను. మూడు రోజులు! మూడు పూటలా వాళ్ళింట్లోనే తిన్నాను. వదిన కొసరి కొసరి వడ్డించింది. సిగ్గులేని వెధవను, మెతుకు మిగల్చకుండా ఊడ్చుకుని తిన్నాను.

నాలుగో రోజు కాగితం వచ్చింది. తలుపు తీస్తే ఆవిరి మొహానికి కొట్టింది. మిల్లాయన ఒక బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీశాడు. కాయలు బూజుపట్టి ముద్దలై ఉన్నాయి. ఆయన వాటిని మళ్ళీ బస్తాలోనే జాగ్రత్తగా పోశాడు.

"నీదేం తప్పు లేదులేప్పా. నువ్వు ఉద్యోగం చేస్తాండావు" అన్నాడు.

తిట్టినా బాగుండేది.

మిల్లు వేలానికి పోయింది. మిగిలిన నష్టాన్ని మూడు బ్యాంకులూ వాటాల చొప్పున పంచుకున్నాయి, ఏదీ మునగలేదు. రూలు తప్పలేదని మా మేనేజరు నా భుజం తట్టాడు. మిల్లాయన నష్టంలో మాత్రం వాటాకు ఎవరూ రాలేదు.

రెండేళ్ళ తర్వాత వేంపల్లెలో ఒక మండీ ముందు ఆయన కనిపించాడు. ఇంకొకరి కాయలు తూకం వేస్తున్నాడు. తప్పించుకుపోదామనుకున్నాను గానీ చూసేశాడు.

"ఏమప్పా, శానా చిక్కిపోయినావే! అన్నం తిన్యావా?"

తిన్నానని అబద్ధమాడాను. ఆయన నమ్మలేదు. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. ఒకటే గది. వదిన చేతులకు మట్టిగాజులు తప్ప ఏమీ లేవు. ఏమీ జరగనట్టే పీట వేసి, కంచం పెట్టి, కొసరి కొసరి వడ్డించింది.

ముద్ద కలిపాను గానీ నోట పెట్టలేదు. కంచంలో చెయ్యి కడుక్కుని లేచాను. ఆ దంపతుల చేతి అన్నం నేను వదిలేసింది అదొక్కసారే.