గోనెపట్టలో పడాల్సిన కాయ

గోల్‌కీపింగే నా ఉద్యోగం. నిన్నటి మ్యాచ్‌లో మూడు గోల్స్ వదిలేశాను. పొద్దున ప్రాక్టీసులో కోచ్, “ఈసారి వేరే అమ్మాయిని దించుతా” అన్నప్పుడు బంతుల గోనెసంచి నా పక్కనే ఉంది. ఆ గోనె వాసనకు చిత్తూరు దగ్గర మా మామిడితోట గుర్తొచ్చింది.

మా వైపు వాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది. నాయన చెట్టెక్కి కాయ కోసి వదిలితే, కింద అక్కా నేనూ గోనెపట్ట చాచి పట్టేవాళ్లం. నేల తగిలి దెబ్బతిన్న కాయను మండీలో ఏరి పారేసేవాళ్లు. ఒకసారి నా వల్ల ఒకటి జారిపోతే, దాన్నే చూస్తూ ఏడుస్తూ నిలబడిపోయాను.

“పోయిన కాయను సూస్తా నిలబడితే వచ్చేది గూడా పోతాది పాపా, తలెత్తు!” అని కొమ్మ మీద నుంచి అరిచాడు నాయన.

సంచిలోని బంతులన్నీ కోచ్ ముందు కుమ్మరించి, వెళ్లి గోల్‌లో నిలబడ్డాను.

“కొట్టండి సార్.”